కొల్లేరూ మనమూ: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు నాకు ఫోన్లు మొదలయ్యాయి. హైదరాబాద్‌లో ఉన్న బంధువులు, అమెరికాలో ఉన్న స్నేహితులు అందరూ అడిగింది దాదాపు ఒకటే. "బుడమేరు కొల్లేట్లో కలుస్తుందంటారు కదా, మరి ఊళ్లోకి ఎందుకొచ్చింది?" మా అమ్మమ్మగారిది కైకలూరు పక్క పల్లె. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిచాయి. నాకు తెలిసింది ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. కొన్ని జవాబులు కొల్లేటి చాంతాడంత ఉంటాయి, ఓపిక పట్టండి.

కొల్లేరు చెరువా, సరస్సా? ఎక్కడ ఉంది?

సరస్సే. దీన్ని ఎవరూ తవ్వలేదు, ఎవరూ ఆనకట్ట వేసి నీళ్లు నిలపలేదు. ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు గోదావరి వేల ఏళ్లుగా ఒండ్రు మేట వేస్తూ పోతే మధ్యలో మిగిలిన పల్లం ఇది. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. ఒకప్పుడు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలు పంచుకునేవి. 2022లో జిల్లాలు విడదీశాక ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. లోతు మాత్రం తక్కువ. ఎండాకాలంలో చాలాచోట్ల అడుగు బయటపడుతుంది.

ఇందులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఎక్కడికి పోతాయి?

మైలవరం వైపు కొండల్లో పడ్డ వాన బుడమేరుగా వస్తుంది. ఖమ్మం జిల్లాలో పుట్టిన తమ్మిలేరు ఏలూరు మీదుగా వస్తుంది. రామిలేరు, గుండేరు లాంటి చిన్న ఏర్లు ఉన్నాయి. వీటికి తోడు రెండు డెల్టాల పొలాల నుంచి వచ్చే కాలవలు, మురుగు డ్రెయిన్లు అరవైకి పైగా ఉన్నాయి.

ఇన్ని దారుల్లో వచ్చిన నీరు బయటికి వెళ్లే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరుగుతూ వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడండి. కొల్లేట్లో నీటిమట్టం సముద్ర మట్టానికి ఐదు అడుగుల పైన ఉందనుకుందాం. ఆ ఐదు అడుగులూ 60 కిలోమీటర్ల దూరానికి పంచితే కిలోమీటరుకు ఒక అంగుళం వాలు వస్తుంది. నీరు ఎంత నెమ్మదిగా కదులుతుందో ఊహించుకోవచ్చు. పైగా సముద్రం పోటు మీద ఉన్నప్పుడు అదీ ఆగుతుంది. అందుకే వరద నీరు రోజుల తరబడి, కొన్నిసార్లు వారాల తరబడి కొల్లేట్లోనే ఆగాలి. ఆగడానికి చోటు కావాలి. ఇక్కడి గొడవలన్నీ తిరిగి తిరిగి ఆ చోటు దగ్గరికే వస్తాయి.

అందరూ 'ఐదో కాంటూరు', 'మూడో కాంటూరు' అంటుంటారు. ఏంటవి?

కొల్లేటి ఊళ్లలో టీకొట్టు దగ్గర కూర్చుంటే పావుగంటలో ఈ మాట వినపడుతుంది. సముద్ర మట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు వరకు నీరు నిలిస్తే సరస్సు అంచు ఎక్కడిదాకా వస్తుందో చూపే గీతే కాంటూరు. ప్లస్ 3 దగ్గర సరస్సు సుమారు 135 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ప్లస్ 5 వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ప్లస్ 10 దాకా వెళితే 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తించింది ఈ పెద్ద విస్తీర్ణాన్నే.

నేల అంత చదునుగా ఉండటం వల్ల రెండు అడుగుల తేడాకే సరస్సు రెండింతలకు పైగా పెరుగుతుంది. ఎండాకాలంలో పొలంలా కనిపించే నేల వానాకాలంలో సరస్సే. దాన్ని చూసి ఖాళీ భూమి అనుకోవడం దగ్గరే తప్పు మొదలైందని నా నమ్మకం.

మనుషులు కొల్లేటిని మార్చడం ఎప్పటి నుంచి?

చాలా పాత సంగతి. కొల్లేటికోటలో గజపతుల కోట ఉండేది. చుట్టూ ఉన్న నీరే దానికి కందకం. శత్రువులు ఉప్పుటేరు దారిలో కాలవ తవ్వి, నీరు తగ్గించి కోట పట్టాలని చూశారని, ఆ సమయంలో సేనాపతి సొంత కూతురినే బలి ఇచ్చాడని స్థానికంగా ఒక కథ చెబుతారు. ఆ కాలవకు ఆమె పేరు మీదే పేరంటాల కనుమ అని పేరొచ్చిందట. కథలో నిజం ఎంతైనా, కొల్లేటి నీటిమట్టం ఎవరి చేతిలో ఉంటే బలం వాళ్లదేనని ఇక్కడివాళ్లకు అప్పుడే తెలుసు.

అసలు మార్పు మాత్రం ఆనకట్టలతో వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట 1855కు వచ్చింది. డెల్టా పచ్చబడింది, కరువు తగ్గింది, కాటన్ దొరను ఇప్పటికీ దేవుడిలా చూసే ఊళ్లున్నాయి. ఆ కృతజ్ఞత న్యాయమైనదే. కానీ వరి పొలంలో పెట్టిన నీరు ఎక్కడికో పోవాలి కదా. ఆ మిగులు నీరు, దాంతో కొట్టుకొచ్చే మట్టి, తర్వాతి కాలంలో యూరియా, పురుగుమందులు అన్నీ పల్లంలో ఉన్న కొల్లేటికే చేరాయి. డెల్టా పంట పండించుకోగలిగిందంటే, దాని మురుగును మోయడానికి కింద కొల్లేరు ఉండబట్టి.

చేపల చెరువులు ఎలా వచ్చాయి? తప్పు రైతులదా?

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెబితే అన్యాయం అవుతుంది.

మొదట కొల్లేటివాళ్లు వేటతో బతికారు. తాటి దోనె, వల, మావులు (చేపలు చిక్కే బుట్టలు). కొరమేను, మట్టగిడస, ఇంగిలాయి, జెల్ల... ఏ కాలంలో ఏ చేప ఎటు ఎక్కుతుందో చూసుకుని మావులు పెట్టేవాళ్లు. నీరు తగ్గిన నేలలో వరి వేసుకునేవాళ్లు. వరద తొందరపడితే ఆ పంట పోయేది. ఎన్నో ఏళ్లు అలా పోయింది కూడా. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలు పెట్టించి, సరస్సు నేలలో చెరువులు తవ్వుకోమని ప్రోత్సహించింది. వరద ముంచే వరి కన్నా వరదలోనూ నిలిచే చేప మేలన్నది అప్పటి ఆలోచన. పేదవాళ్ల కోసం మొదలైన పథకం అది. దాన్ని కుట్ర అనడం నాకు ఇష్టం లేదు.

తర్వాత చేపకు మార్కెట్ వచ్చింది. శీలావతి, బొచ్చె పెంచి ఐసు వేసి లారీల్లో బెంగాల్‌కూ అస్సాంకూ పంపడం మొదలైంది. ఎకరం వరి మీద వచ్చేదానికీ ఎకరం చేప మీద వచ్చేదానికీ పోలికే లేకుండా పోయింది. చెరువు తవ్వడానికి, పిల్ల వేయడానికి, మేతకు లక్షలు కావాలి. సంఘంలో ఉన్న వడ్డి కులస్తుల దగ్గర అంత డబ్బెక్కడిది? చెరువులు లీజుకు వెళ్లాయి. కాగితం మీద పేరు సొసైటీది, పెట్టుబడీ లాభమూ బయటివాళ్లవి. వేటగాడు తన సరస్సులోనే కాపలాదారుగా, వలలు లాగే కూలీగా మారాడు. కొల్లేటి కథలో నన్ను ఎక్కువ బాధపెట్టే భాగం ఇదే. పక్షుల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, దీని గురించి రాసేవాళ్లు తక్కువ.

2001 ఫిబ్రవరిలో ఉపగ్రహం తీసిన చిత్రాన్ని పరిశీలిస్తే 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం చేపల చెరువులే కనిపించాయి. లెక్కకు 1,050 చెరువులు తేలాయి. ఇంకో 8.5 శాతం సాగు భూమి. మిగిలిన దాంట్లో గుర్రపుడెక్క, గడ్డి దుబ్బులు. తేటగా కనిపించే నీరు ఆ చిత్రంలో దొరకనే లేదు.

చేపల చెరువులోనూ నీళ్లే, సరస్సులోనూ నీళ్లే. తేడా ఏముంది?

మంచి ప్రశ్న. చూసేవాళ్లకు రెండూ ఒకేలా మెరుస్తాయి.

తేడా గట్టులో ఉంది. చెరువుకు చుట్టూ ఎత్తైన గట్టు ఉంటుంది. వరదొచ్చినప్పుడు రైతు చేసే మొదటి పని, బయటి నీరు లోపలికి రాకుండా ఆ గట్టును ఇంకా ఎత్తు చేయడం. చేపలు పోతే అప్పులు మిగులుతాయి, ఆ టెన్షన్ అతనిది. కానీ ఆ గట్టు లోపలి చోటు వరదకు అందదు. మళ్లీ ఒక లెక్క చెబుతాను. 308 చదరపు కిలోమీటర్ల మీద ఒక్క అడుగు నీరు నిలిస్తే దాదాపు 3.3 టీఎంసీలు. అందులో సగం చోటు గట్ల వెనక్కి పోతే అదే నీరు మిగిలిన సగంలో రెండడుగులు లేవాలి. ఆ రెండో అడుగు ఎవరింట్లోకి వెళుతుంది? లంక గ్రామంలో గట్టు లేనివాడి ఇంట్లోకి.

రెండో తేడా నీటి గుణంలో ఉంది. చెరువులో తవుడు, చెక్క, కోడి ఎరువు, మందులు వేస్తారు. పట్టుబడి అయ్యాక ఆ నీటిని మోటార్లతో డ్రెయిన్లోకి తోడేస్తారు. అది చేరేది సరస్సుకే. ఆ సారం తిని గుర్రపుడెక్క బలుస్తుంది, కింద నీటికి గాలీ వెలుతురూ అందవు. సరస్సు అంచుల్లో మొలిచే కిక్కిస దుబ్బులు వచ్చిన మురికిని కొంత పట్టి ఆపుతాయి. చెరువులు తవ్వడానికి మొదట పీకేసింది ఆ దుబ్బుల్నే.

2006లో చెరువులన్నీ కొట్టేశారు కదా. మరి సమస్య తీరలేదా?

సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫారసుల తర్వాత, ఆ ఏడాది ప్లస్ 5 లోపల గట్లను యంత్రాలతో తెంపారు. 'ఆపరేషన్ కొల్లేరు' అన్నారు. సరస్సు మళ్లీ విచ్చుకుంది, పక్షులు పెరిగాయి. కానీ ఆ చెరువుల మీద కూలికి బతికే కుటుంబాలకు ప్రత్యామ్నాయం చూపించడం గట్లు తెంపినంత వేగంగా జరగలేదు. పైగా ఆ గీత లోపల అన్నీ ఆక్రమణలు కావు. జిరాయితీ (సొంత హక్కున్న) భూములున్నాయి, ప్రభుత్వమే ఇచ్చిన పట్టాలున్నాయి. తరాల నుంచి కాగితం ఉన్న రైతుకు, అడ్డదారిలో గట్టు వేసినవాడికి ఒకే న్యాయం అంటే ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు. తెగిన గట్లు కొన్నేళ్లలో ఒక్కొక్కటే మళ్లీ లేచాయి. కోర్టు గొడవలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

అయితే కాంటూరును 5 నుంచి 3కి తగ్గిస్తే సరిపోతుందా?

2008లో శాసనసభ అలాగే తీర్మానం చేసింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దాన్ని సమర్థించలేదు. నా అభిప్రాయం కూడా అదే. అభయారణ్యం గీతను కాగితం మీద జరపవచ్చు, పల్లాన్ని జరపలేం. వాన పడ్డ రోజు నీరు ప్లస్ 5 వరకు వస్తూనే ఉంటుంది. కాగితం ఉన్న రైతుకు సరైన పరిహారం ఇచ్చి ఆ భూమి తీసుకోవడం ఖర్చైన పని, నెమ్మదిగా సాగే పని. అయినా న్యాయమైన దారి అదొక్కటే కనిపిస్తోంది.

బుడమేరు వరదకూ కొల్లేటికీ సంబంధం ఏమిటి?

బుడమేరు సహజంగా విజయవాడ ఉత్తరం అంచున ప్రవహించి కొల్లేటికి రావాలి. నగరం ముంపుకు గురవుతోందని వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదను అక్కడే పక్కకు తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపేలా డైవర్షన్ ఛానల్ తవ్వారు. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతలతో వచ్చే గోదావరి నీరు కూడా పోలవరం కుడి కాలవ నుంచి ఈ ఛానల్‌లోకే వచ్చి కృష్ణలో కలుస్తోంది. అంటే రెండు నదులను కలిపే దారి, వరదను మళ్లించే దారి ఒక్కటే అయ్యాయి.

నది మళ్లింది కాబట్టి పాత దారి ఖాళీ అయిందనుకున్నారు. ఇళ్లు లేచాయి, కాలనీలు వచ్చాయి, ఏరు ఇరుకైపోయింది. పేదవాడు అక్కడ ఇల్లు కట్టుకున్నాడంటే నగరంలో ఇంకెక్కడా అతనికి గజం స్థలం అందుబాటులో లేదు కాబట్టి. నేను అతణ్ణి తప్పుపట్టను.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కుండపోత పడింది. అదే సమయంలో కృష్ణ కూడా పోటెత్తింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అది రికార్డు. నిండిన కృష్ణలోకి డైవర్షన్ ఛానల్ నీరు దిగలేకపోయింది. ఛానల్ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీరు తన పాత దారి వెతుక్కుంటూ సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట వైపు వచ్చేసింది. ఇళ్ల మేడల మీద పసిపిల్లలతో రోజుల తరబడి ఎదురుచూసిన కుటుంబాలను మీరందరూ టీవీలో చూశారు. నీరు నగరం నుంచి కదిలాక ఎటు వెళ్లిందో మాత్రం టీవీలు అంతగా చూపించలేదు. కొల్లేటికే వచ్చింది. లంక గ్రామాల రోడ్లు మునిగాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగాయి. కింద కొల్లేరు, ఉప్పుటేరు ఇరుకైతే పైనుంచి వచ్చే ఏరు తొందరగా ఖాళీ కాదు. బుడమేరు పైభాగాన్ని ఎంత వెడల్పు చేసినా కింద కొల్లేటిని వదిలేస్తే సగం పనే అవుతుంది.

కొల్లేటి నీళ్లు ఉప్పగా మారుతున్నాయంటారు, నిజమేనా?

ఉప్పుటేరు వైపు నిజమే. పైనుంచి మంచినీటి ఒత్తిడి ఉన్నంతకాలం సముద్రం తన హద్దులో ఉంటుంది. ఎండాకాలంలో కాలవల్లో నీరు తగ్గి, సరస్సు మట్టం పడిపోతే పోటు నీరు ఎదురెక్కుతుంది. దానికి తోడు వనామి రొయ్య కోసం ఉప్పు బోర్ల నీరు తోడి చెరువులు నింపితే పక్క వరి చేలకు, ఊరి బావులకు ఆ ఉప్పు ఊరుతుంది. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న డిమాండ్ ఎప్పటి నుంచో ఉంది. తలుపులు ఉంటే ఉప్పు ఆగుతుంది. కానీ వరద రోజున వాటిని ఎప్పుడు, ఎవరు ఎత్తుతారన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

చుట్టూ నీళ్లున్న ఊళ్లలో తాగడానికి నీళ్లు కొనుక్కుంటారా?

కొనుక్కుంటారు. లంక గ్రామంలో ఇంటి అరుగు మీద వరసగా పెట్టిన నీళ్ల టిన్నులు చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మా అమ్మమ్మ చిన్నతనంలో దోనె మీద సరస్సు మధ్యకు వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చుకునేవాళ్లట. ఇవాళ విజయవాడ, ఏలూరు, గుడివాడల మురుగు, పొలాల మందు, చెరువులు వదిలిన నీరు అన్నీ కలిశాక ఆ నీరు తాగమని ఎవరికీ చెప్పలేం.

పక్షుల సంగతి?

గూడబాతుల కథ ఒక్కటి చెబుతాను. 1940ల్లో ఆరేడు పరిసరాల్లో వాటి పెద్ద గూళ్ల స్థావరం ఉండేది. 1970ల నాటికి అది ఖాళీ అయిపోయింది. తర్వాత చాలా ఏళ్లకు కైకలూరు పక్కన ఆటపాకలో అవి మళ్లీ గూళ్లు కట్టాయి. సరిపడా చెట్లు లేకపోతే అటవీ శాఖవాళ్లు నీటిలో ఇనప స్టాండ్లు నిలబెట్టారు, వాటి మీదా గూళ్లు పెట్టాయి. మనిషి చోటిస్తే ఇనుము మీదైనా పిల్లల్ని పెంచుకుంటాయవి. ఆ స్టాండ్ల మీద తల్లి నోట్లోంచి చేప అందుకునే పిల్లల్ని చూస్తుంటే గంటలు తెలియవు.

ఇక్కడి చేప తినొచ్చా?

పెంపకం చేపైనా, వేట చేపైనా తాజాగా ఉన్నది చూసి కొనుక్కుని బాగా ఉడికించి తినండి. వేటలో పట్టిన కొరమేను దొరికితే వదలకండి. అభయారణ్యంలో సంప్రదాయ వేటకు అనుమతి ఉంది. వేటగాడి దగ్గరే కొంటే మీరు ఇచ్చే డబ్బు నేరుగా అతని చేతికే వెళుతుంది.

చూడాలంటే ఎప్పుడు రావాలి?

పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి. ఫాల్గుణంలో వస్తే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర కూడా చూడొచ్చు. ఆటపాకలో బోటు ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. కానీ ఒక్కసారైనా వానాకాలంలో ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు మీదుగా రండి. పెదయడ్లగాడి వంతెన దగ్గర ఆగి, నీటిమట్టం కొలిచే స్కేలు చూడండి. వంతెన కింద ఖానాల్లోంచి నీరు ఎటు లాగుతోందో, ఎక్కడ గుర్రపుడెక్క అడ్డుపడి ఆగుతోందో కాసేపు గమనించండి. పక్కన వల బాగుచేసుకుంటూ ఎవరైనా కనిపిస్తే నిన్నటికీ ఇవాళ్టికీ నీరు ఎంత ఎక్కిందో అడగండి. అంగుళాల్లో చెబుతారు.